పసుపు తలుపు

హన్మకొండ,
22 ఆగస్టు 2004

బాపూ,

నేను బాగున్నాను. ముందు ఆ మాట రాసేస్తున్నాను, లేకపోతే ఉత్తరం చివరిదాకా నువ్వు ఊపిరి బిగబట్టి చదువుతావు.

నర్సింగ్ హాస్టల్లో అన్నం ఉడికీ ఉడకనట్టు పెడుతున్నారు. పప్పు చూస్తే మన కింది గల్లీ నల్లా నీళ్ళు గుర్తొస్తున్నాయి. పొద్దున్నే లేపి ప్రార్థన, ఆ వెంటనే వార్డు. మంచం మీద దుప్పటి మూలలు మడవడం నేర్పడానికే వారం తీసుకున్నారు. ఇంట్లో నేను దుప్పటి మడవలేదని నువ్వు చేసిన లొల్లి అంతా ఇక్కడ పనికొచ్చింది. నాకు తప్ప అందరికీ చీవాట్లు పడ్డాయి.

అసలు సంగతి. డిసెంబరులో మాకు దీపాల పండుగ ఉంటుంది. తల మీద టోపీ పెట్టి, చేతికి దీపమిచ్చి ప్రమాణం చేయిస్తారు. ఆ రోజు నుంచే మేము నర్సులమని లెక్క. హాలు చిన్నదట, ఒక్కొక్కరికి ఒకే పాసు. అమ్మ ఉండి ఉంటే ఆ పాసు కోసం మీ ఇద్దరికీ జగడం అయ్యేది. ఇప్పుడు నువ్వే రావాలి. సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకో. నేను లేకపోతే చాంద్రాయణగుట్టకు నీళ్ళు ఆగిపోతాయి అని మాత్రం అనకు.

ఇంకొకటి. హాస్టల్‌కి ఇంటర్నెట్ వచ్చింది. ఫోను మేట్రన్ గదిలో ఉంది, చావుబతుకులైతేనే ముట్టనిస్తారు. అందుకని నువ్వు చౌరస్తాలో ఖలీల్ భాయ్ నెట్ సెంటర్‌కి పోయి ఒక ఈ-మెయిల్ తీయించుకో. పొద్దున రాస్తే పొద్దున్నే చేరుతుంది. సిగ్గుపడకు, అక్కడ నీకంటే పెద్దవాళ్ళు కూడా వస్తారు.

నీ బెంగ తీరేదాకా రెండుసార్లు చదువుకో.
ప్రీతి

*

చాంద్రాయణగుట్ట,
5 సెప్టెంబరు 2004

నా బిడ్డ ప్రీతికి,

ప్రభువు నిన్ను కంటికి రెప్పలా కాస్తున్నాడని నమ్ముతూ బాపు రాస్తున్నాడు.

నీ మాట ప్రకారం ఖలీల్ భాయ్ దుకాణానికి పోయాను. అతను ఒక అడ్రసు తీసి ఇచ్చి, ఎవరికీ చెప్పకుండా ఒక మాట పెట్టుకోమన్నాడు. మీ అమ్మ పేరు పెట్టాను. మర్నాడు పోయి కళావతి అని కొడితే కాదు పొమ్మంది. నా పెళ్ళాం పేరు నాకు తెలియదని ఒక డబ్బా చెబుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఉత్తరాలే మేలు బిడ్డా, పోస్టుమ్యాన్ ఎన్నడూ నన్ను నువ్వెవరని అడగలేదు.

అయినా పోతూనే ఉన్నాను. నా పని సంగతి నీకు తెలిసిందే. ముందు పై గల్లీ వాల్వ్ తిప్పి నీళ్ళు వదలాలి, టైమయ్యాక అది మూసి కింది గల్లీది తిప్పాలి. ఆ మధ్యన చేసేదేమీ ఉండదు. ఇన్నేళ్ళూ ఇనుప కడ్డీ ఒళ్ళో పెట్టుకొని వాల్వ్ గుంత పక్కన రాయి మీద కూర్చున్నాను. అదేదో దుకాణంలో కూర్చుంటే మౌస్ పట్టడమన్నా వస్తుంది కదా.

గిరాకీ లేనప్పుడు ఖలీల్ భాయ్ తన డబ్బాలో ఏదో పెట్టుకొని కూర్చుంటాడు. ఒకసారి అటు చూసి మొహం తిప్పుకున్నాను. దాని సంగతి రాయదలచుకోలేదు.

కింది గల్లీ బుచ్చమ్మ నిన్ను అడిగింది. "మీ పిల్ల సూదులేసుడు నేర్చుకున్నంక ముందుగాల నీకే ఎయ్యమను, కాళ్ళ నొప్పులని మూలుగుతవ్ గద" అంది. ఆమె నోరు నీకు తెలుసు. ముందు నాకు చీవాట్లు పెట్టందే బిందె నల్లా కింద పెట్టదు. సెలవుకి అర్జీ ఇచ్చాను. డిసెంబరులో తెల్ల చొక్కా వేసుకొని వస్తాను.

నీ తలగడ కింద బైబిలు ఉందనుకుంటున్న
బాపు

*

హన్మకొండ,
20 సెప్టెంబరు 2004

బాపూ,

నువ్వు కంప్యూటర్ నేర్చుకుంటున్నావని మా రూములో అందరికీ చెప్పాను. మేట్రన్ అమ్మకి కూడా. మా బాపు నల్లా లైన్‌మన్, సంఘపెద్ద, డ్యూటీ మధ్యలో కంప్యూటర్ నేర్చుకుంటున్నాడు అంటే ఆమె కళ్ళద్దాలు తీసి నావైపు చూసింది. ఇక్కడ పిల్లల నాన్నల్లో ఆఫీసర్లు కూడా ఉన్నారు. వాళ్ళెవరికీ రాదట.

ఏం నేర్చుకున్నావో రాయి. టైపింగా? బొమ్మలు గీయడమా? ఉన్నదున్నట్టు రాయి, నవ్వను. నవ్వినా నీకు వినపడదు.

నాకు మొదటి సూది వేయడం వచ్చింది. నారింజ పండుకి వేశాను. బుచ్చమ్మకి చెప్పు, అది ఏడవలేదు.

గొప్పలు చెప్పుకొని నోరు నొప్పి పుట్టిన
ప్రీతి

*

చాంద్రాయణగుట్ట,
10 అక్టోబరు 2004

నా బిడ్డకు,

ఏం నేర్చుకున్నావని అడిగావు. అడగకుండా ఉంటే బాగుండేది. మేట్రన్ అమ్మగారికి నా గురించి అంత చెప్పాల్సిన పని లేదు. నేను నేర్చుకున్నది చెప్పుకోదగింది కాదు. మొదటి రోజయితే కళ్ళు తిరిగి టేబుల్ పట్టుకున్నాను, ఖలీల్ భాయ్ సోడా తెప్పించాడు. అక్కడితో మానాల్సింది.

నువ్వు పోయాక సాయంత్రాలు ఇంట్లో బొత్తిగా చప్పుడు లేదు. రేడియో పెడితే మీ అమ్మ ఉన్నప్పటి పాటలే వస్తాయి, ఆపేస్తాను. వంట చేసుకుంటున్నాను, ఫికర్ పెట్టుకోకు. మొన్న చారులో ఉప్పు రెండుసార్లు వేశాను. ధ్యాస ఇంకెక్కడో ఉంటోంది.

కాళ్ళ నొప్పులు తగ్గాయి. చర్చి అయ్యగారు క్రిస్మస్ పాటలకు అప్పుడే పిల్లల్ని పోగుచేస్తున్నారు. మన సంఘం లీలమ్మ ఎప్పటిలాగే తన గొంతే పైకి వినపడాలని అంటోంది. ఆమె ఈ నెలాఖరున ఏదో పెళ్ళికి మీ వైపు వస్తుందట. నీకు కారప్పూస పంపిస్తున్నాను.

ఇంతకు మించి ఏమీ తోచని
బాపు

*

హన్మకొండ,
2 నవంబరు 2004

నాన్నగారికి,

లీలమ్మ అత్త వచ్చి కారప్పూస ఇచ్చింది. దానితోపాటు ఇంకొకటి కూడా చెప్పింది.

పోయిన వారం కింది గల్లీకి నీళ్ళు రాలేదట. పై గల్లీలో నీళ్ళు పొంగి మోరీల్లో పోతుంటే, కింది గల్లీ ఆడవాళ్ళు ఖాళీ బిందెలు పట్టుకొని మీ కోసం వెతికారట. గుంత దగ్గర మీరు లేరు. బుచ్చమ్మ ఖలీల్ భాయ్ దుకాణంలోకి పోయి పరదా లాగితే మీరు లోపల ఉన్నారట. ఆమెను చూడగానే తెర ఆర్పేశారట. చెమటలు పట్టి, ఒక్క మాట పలకలేదట. ఆ పరదాల వెనక మగవాళ్ళు ఏం చూస్తారో చిన్నపిల్లలకు కూడా తెలుసని లీలమ్మ అత్త నా రూమ్మేట్స్ ముందరే అంది.

ఆ మాట అబద్ధమని నేను ఆమెతో పోట్లాడాను. తర్వాత మీ ఉత్తరాలు తీసి మళ్ళీ చదివాను. "చెప్పుకోదగింది కాదు." "మొహం తిప్పుకున్నాను." వాటికి అర్థం ఇదేనా?

మిమ్మల్ని ఆ దుకాణానికి పంపింది నేనే. ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది. నిజం ఏమిటో మీ చేత్తో రాయండి. అబద్ధమైతే ఒక్క ముక్క రాయండి, చాలు.

ప్రీతి

*

చాంద్రాయణగుట్ట,
9 నవంబరు 2004

నా బిడ్డకు,

నువ్వు నన్ను మీరు అని రాశావు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను ఆ మాట అనడం ఇదే. అక్కడే ఆగిపోయాను, మిగతాది సాయంత్రం చదివాను.

లీలమ్మ చెప్పింది నిజమే. పరదా వెనక కూర్చున్నది నేనే, తెర ఆర్పింది నేనే. బుచ్చమ్మ "ఏంది ఇశ్రాయేలూ, మా నోళ్ళు ఎండుతుంటే నువ్వీడ పరదేసుకొని ఏం జూస్తున్నవ్" అని అడిగితే కడ్డీ పట్టుకొని గుంత దగ్గరికి పోయాను. తెర మీద ఉన్నది సంఘపెద్ద చూడదగింది కాదు. అదేమిటో నీకు తెలుసు, విడమరిచి నా చేత రాయించకు బిడ్డా. నీకు ఏది పాపమని చెప్పి పెంచానో సరిగ్గా అదే చేశాను. ఇంకెవరికి తెలిసినా ఇంత కుంగిపోయేవాడిని కాదు. నీకు తెలియకూడదనుకున్నాను.

ఒకసారి చూసి వదిలేద్దామనే అనుకున్నాను. తర్వాత కాళ్ళు వాటంతటవే అటు పోయేవి. ప్రార్థనలో కళ్ళు మూస్తే అవే కనపడేవి.

ఆఫీసులో చీవాట్లు పడ్డాయి, అది న్యాయమే. అయ్యగారు వచ్చే నెల బల్ల ఆరాధనలో రొట్టె పళ్ళెం పట్టుకోవద్దన్నారు. ఏం చేశావని ఆయన కూడా అడగలేదు. ఎవరూ అడగడం లేదు, తల తిప్పుకొని పోతున్నారు. మీ అమ్మ ఫొటోకి వీపు పెట్టి పడుకుంటున్నాను.

నీ ముందు తలెత్తలేని
బాపు

*

హన్మకొండ,
16 నవంబరు 2004

నాన్నగారికి,

ఒక్క ముక్క అబద్ధమని రాస్తారని పోస్టుమ్యాన్ కోసం గేటు దగ్గర నిలబడ్డాను.

దీపాల పండుగకు మీరు రావద్దు. నా పాసు మా రూములో ఉండే రాజమణి వాళ్ళ అమ్మకి ఇచ్చేశాను. మీకు ఆరోగ్యం బాగాలేదని మేట్రన్‌కి చెప్పాను. ఇక ఉత్తరాలు రాయకండి.

ప్రీతి

*

చాంద్రాయణగుట్ట,
28 నవంబరు 2004, ఆదివారం

నా బిడ్డ ప్రీతికి,

రాయవద్దన్నావు. ఈ ఒక్కటీ చదివి చింపెయ్.

బుధవారం ఖలీల్ భాయ్ మన ఇంటికి వచ్చాడు. ఎన్నడూ రానివాడు. గడప బయటే నిలబడి, "ఇశ్రాయేల్ భాయ్, బస్తీల నిన్నేమంటున్రో ఎర్కేనా? నా దుకాన్ల గంది ఫిల్మ్, బూతు సిన్మా చూసినవంటున్రు. దుకాన్ మూయిస్తమని నన్ను గూడ బెదిరిస్తున్రు. జెర నువ్వన్నా నోరు తెరువ్" అన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. అతను పోయాక నీ ఉత్తరాలు తీసి చదివాను, నేను నీకు రాసింది కూడా మనసులో చదువుకున్నాను. ఎంత పని చేశాను. నువ్వు అనుకున్నది అదా?

అది కాదు బిడ్డా. అది ఆట. ఎనిమిదేళ్ళ కింద బహదూర్‌పురాలో సాయిప్రియ వాళ్ళింట్లో నువ్వు ఆడిన తుపాకి ఆట. లీలమ్మ నీకు ఆ సంగతే చెప్పిందనుకున్నాను. అందుకే పేరు పెట్టి రాయలేకపోయాను.

ఆ రోజు నిన్ను తీసుకురావడానికి వాళ్ళింటికి వచ్చాను. తెర మీద కొమ్ముల దయ్యాలు, ఎర్రటి నక్షత్రాలు, తుపాకి పట్టిన చేయి. నువ్వు నవ్వుతూ మీటలు కొడుతున్నావు. నీ రెక్క పట్టి ఈడ్చుకొచ్చాను. ఆ ఆదివారం సంఘం ముందు, హార్మోనియం పెట్టె పక్కన నిలబెట్టి, సాతాను ఆటలు ఇక ఆడనని నీ నోటితో చెప్పించాను. నీకు మాట పెగలకపోతే మళ్ళీ గట్టిగా చెప్పమన్నాను. మీ అమ్మ లేచి వచ్చి తన కొంగు నీ తల మీద కప్పి తీసుకుపోయింది. ఆ తర్వాత నువ్వు సాయిప్రియ వాళ్ళింటికి పోలేదు. నేను ఎందుకని అడగనూ లేదు.

మొన్న సెప్టెంబరులో ఖలీల్ భాయ్ తెర మీద ఆ చేయి చూడగానే గుర్తుపట్టాను. "గేమ్ పాతదే భాయ్, కంపెనీవాళ్ళు మళ్ళ కొత్త డబ్బాల ఏసి ఇడిసిండ్రు. నా పాత కంప్యూటర్ల మీద కొత్తయి నడువయ్, ఇదొక్కటే నడుస్తది" అన్నాడు. అందులో మనిషి కనపడడు, చేయి ఒక్కటే కనపడుతుంది. అది ఎవరి చేయి అని అడిగితే "నీదే" అన్నాడు. ఏ ఆట కోసం నా బిడ్డను అంతగా బాధపెట్టానో ఒకసారి చూద్దామని కూర్చున్నాను. అలా కూర్చున్నవాడిని లేవలేదు.

మొదట తుపాకి పేల్చి "ప్రభువా క్షమించు" అన్నాను, ఖలీల్ భాయ్ పడీ పడీ నవ్వాడు. నన్ను పట్టేసింది మాత్రం అందులో ఉన్న మీటలు. ఒక మీట నొక్కితే ఎక్కడో కనపడని చోట తలుపు లేస్తుంది. చప్పుడు వినపడుతుంది, పోయి వెతుక్కోవాలి. నేను జీవితమంతా చేసింది అదే పని కదా. ఇక్కడ కడ్డీ తిప్పితే ఎవరింట్లోనో నల్లా మోగుతుంది. మన పని తెలిసినవాడెవడో చేసిన ఆటలా ఉంది. అయితే తుపాకి నచ్చలేదని రాస్తే అబద్ధమవుతుంది. అది కూడా నచ్చింది. అందుకే ఇంత సిగ్గు.

ఆ రోజు నేను నీ రెక్క పట్టుకున్నప్పుడు తెర మీద ఒక పసుపు తలుపు పైకి లేస్తోంది. అది నా కళ్ళలో ఉండిపోయింది. పోయిన నెల వెతికి వెతికి పసుపు తాళంచెవి సంపాదించి, ఆ తలుపు తెరిచి లోపలికి పోయాను. కింది గల్లీకి నీళ్ళు వదలాల్సిన టైము దాటిపోయింది అప్పుడే. బుచ్చమ్మ పరదా లాగితే నాకు మొదట తోచింది నువ్వే. ఆ దయ్యాలు ఎవరి కంటా పడకూడదని తెర ఆర్పేశాను. ఆర్పకపోతే ఇంత గొడవ లేదు.

ఇవాళ ఆరాధనకు ముందే అయ్యగారి దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆయన నవ్వు ఆపుకొని, "ఆటనే గద, పెద్దమనిషివి, గదిల ఒక మాట అనుకుంటే సరిపాయె. అందరి ముంగట ఎందుకు" అన్నారు. "పిల్లను నిలబెట్టిన నాడు గదిల మాట యాదికి రాలే అయ్యగారూ" అన్నాను.

హార్మోనియం పెట్టె పక్కనే నిలబడి చెప్పాను. అంతమంది కళ్ళు మీద పడితే ఎలా ఉంటుందో నాకు ఇవాళ తెలిసింది. నువ్వప్పుడు పెట్టె కంటే కాస్తంత ఎత్తు ఉన్నావు, అంతే. నా ఆట సంగతి చెప్పాను, నీళ్ళ సంగతి చెప్పాను, చివరికి నీ సంగతి చెప్పాను. పిల్లల ఆటను పాపమని పసిదాన్ని ఇక్కడ నిలబెట్టాను, ఆ పాపం నాది అన్నాను. గొంతు పెగల్లేదు. నన్ను ఎవరూ గట్టిగా చెప్పమనలేదు. లీలమ్మ మొహం కొంగులో పెట్టుకుంది.

సాయంత్రం నీళ్ళు వదులుతుంటే బుచ్చమ్మ వచ్చి, "ఆటనా? ఆటకా తెర బంద్ జేసినవ్? నీ తెల్వి పాడుగాను" అంది. ఆ తర్వాత తన ఇంటి నుంచి చాయ్ తెచ్చి ఇచ్చింది.

దుకాణానికి పోవడం మానేశాను. పోవాలని మాత్రం ఉంది. పాసు ఇచ్చేసి మంచి పని చేశావు, రాజమణి వాళ్ళ అమ్మ ముందు వరసలో కూర్చోనీ. నేను ఆ రోజు ఇక్కడి నుంచే దీపం పెట్టుకుంటాను.

నిన్ను నిలబెట్టినచోటే నిలబడి వచ్చిన
బాపు

*

హన్మకొండ,
3 డిసెంబరు 2004

బాపూ,

నువ్వు, నువ్వు, నువ్వు. ముందు అది రాసుకోనీ.

నీ ఉత్తరం వార్డులో అందింది. మందుల గదిలోకి పోయి తలుపేసుకొని చదివాను. సిస్టర్ తలుపు కొడితే కళ్ళలో స్పిరిట్ పడిందని చెప్పాను. నువ్వు హార్మోనియం పెట్టె పక్కన నిలబడ్డావని చదివినప్పుడు ఏడ్చింది నీ మీద జాలితో కాదు. అది ఎనిమిదేళ్ళ నాటి ఏడుపు, అప్పుడు అమ్మ కొంగు కింద ఏడవడానికి కూడా భయపడ్డాను. నువ్వు చూస్తావని.

నీ మీద కోపం ఒక్కరోజులో పోదు. అది ఉండనీ. కానీ నా సిగ్గు సంగతి కూడా విను. బుచ్చమ్మ అనుకుంది, లీలమ్మ అత్త అనుకుంది, సరే. నేనెలా అనుకున్నాను? చారులో ఉప్పు రెండుసార్లు వేసుకునే మనిషిని నేను అంత మాట ఎలా అనుకున్నాను? పాసు వేరేవాళ్ళకు ఇచ్చి, నీకు జబ్బు చేసిందని అబద్ధం చెప్పి, రాత్రి ప్రార్థనలో నీ పేరు దాటేసి చదివాను బాపూ. ఇది ఎవరి ముందు నిలబడి చెప్పాలో నాకు తెలియడం లేదు. నీకే చెబుతున్నాను.

మేట్రన్ అమ్మ దగ్గరికి పోయి నేను అబద్ధమాడానని చెప్పాను. ఎందుకని అడిగితే మొత్తం చెప్పాల్సి వచ్చింది. ఆమె మళ్ళీ కళ్ళద్దాలు తీసింది. "మీ నాన్న దయ్యాలను చంపాడా?" అంది. చంపాడు అన్నాను. సొరుగు తీసి ఇంకో పాసు ఇచ్చింది. దాని మీద ఇశ్రాయేలు అని నేనే రాశాను. ఈ ఉత్తరంలో పెడుతున్నాను. పదకొండో తారీఖు, శనివారం. కింది గల్లీకి నీళ్ళు ఎవరు వదులుతారో ముందే చూసుకొని రా, లేకపోతే బుచ్చమ్మ బిందెతో సహా హాల్లోకి వస్తుంది.

ఒక మాట. ఆ పసుపు తాళంచెవి కోసం సాయిప్రియా నేనూ సెలవులంతా వెతికాం. ఆ రోజే దొరికింది. తలుపు లేస్తుండగా నువ్వు వచ్చావు. ఇన్నేళ్ళలో వార్డులో, బస్సులో, చర్చిలో, ఎక్కడ కూర్చున్నా ఆ తలుపు వెనక ఏముందా అని అనుకునేదాన్ని. ఎవరినీ అడగలేదు. అడిగితే తప్పేమో అనుకున్నాను.

నువ్వు లోపలికి పోయి చూశావు కదా. ఏముందో ఉత్తరంలో రాయకు. వచ్చి చెప్పు.

గేటు దగ్గర నిలబడి ఉండే
ప్రీతి